తిరుపతి ఎండలో గేమింగ్ పీసీ: మొదటిసారి కట్టేవాళ్ల కోసం కొలతలతో డైరీ

ఇల్లు తిరుపతిలో, కపిలతీర్థం వైపు. పాత ఇల్లు. కంప్యూటర్ పెట్టింది మేడ మీద పడమటి గదిలో, పైన నేరుగా స్లాబే. పని మొదలైంది 2024 ఏప్రిల్‌లో. అంతకుముందు నేను కంప్యూటర్ విప్పి చూసింది లేదు.

ఏ ప్రాసెసర్‌కి ఏ మదర్‌బోర్డు నప్పుతుందో చెప్పే జాబితాలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. ఆ జాబితా ప్రకారం కొన్న మెషీన్ మన ఇంటి కరెంటు మీద, మే నెల ఎండలో ఎలా నడుస్తుందో రాసినవాళ్లు నాకు కనపడలేదు. నా డబ్బూ సమయమూ ఎక్కువగా పోయింది అక్కడే. అందుకే ఈ డైరీలో విడిభాగాల గురించి తక్కువ, ఎర్తింగ్, వేడి, కరెంటు కోతల గురించి ఎక్కువ ఉంటుంది.

దశ 1: కొనుగోలు

కావలసింది ఇంతే: 1080పీ మానిటర్ మీద వాలరెంట్ లాంటి పోటీ ఆటలు సెకనుకి 144 ఫ్రేముల పైన నడవాలి, సైబర్‌పంక్ 2077 లాంటి బరువైనవి 60 దగ్గర నిలవాలి. దానికి రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు చాలు. ప్రాసెసర్ ఆరు కోర్లది, 65 వాట్ల తరగతి. కార్డు 132 వాట్లది, దానికి ఒకే ఒక 8 పిన్ కనెక్టర్. ఇంకా పెద్ద కార్డు వద్దనుకోవడానికి డబ్బుతో పాటు ఇంకో కారణం ఉంది. కార్డు తినే ప్రతి వాటూ చివరికి ఆ గదిలో వేడిగా మిగులుతుంది. పడమటి గదిలో అది చిన్న విషయం కాదు.

మదర్‌బోర్డు బీ450 రకం తీసుకున్నాను. ఆర్‌ఎక్స్ 6600 పీసీఐఈ (కార్డుని బోర్డుకి కలిపే దారి) 4.0 కార్డు, బీ450 ఇచ్చేది 3.0 దాకానే. కార్డులోని 8 జీబీ మెమొరీ నిండనంతవరకు ఆ తేడా కొద్దిగానే ఉంటుంది. 4.0 ఇచ్చే బీ550కి పెట్టాల్సిన డబ్బును ఎస్‌ఎంపీఎస్‌కి (ఇంటి కరెంటును మార్చి లోపలి భాగాలకు ఇచ్చే డబ్బా) మళ్లించాను.

తిరుపతిలో ఉన్నవాళ్లకు మూడు దారులు: ఊళ్లో షాపులు, చెన్నై రిచీ స్ట్రీట్, ఆన్‌లైన్. చెన్నై రైల్లో మూడు, మూడున్నర గంటల దూరం. అక్కడ కార్డు దాదాపు తొమ్మిది వందలు తక్కువకి వచ్చింది. మొత్తం సామాను అక్కడే కొనొచ్చు గానీ నేను ఇలా విడదీశాను: సీలు వేసిన చిన్న డబ్బాలు (కార్డు, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్) చెన్నైలో. క్యాబినెట్, మానిటర్, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ తిరుపతిలో. మొదటి రెండూ రైల్లో మోయడం కష్టం. మిగతా రెండిట్లో ఏదైనా తేడా వస్తే అదే సాయంత్రం తీసుకెళ్లి చూపించగలగాలి.

కొనేటప్పుడు చూసుకోవలసినవి:

1. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. డబ్బా మీది నంబరూ వస్తువు మీది నంబరూ ఒకటేనా అని షాపులోనే చూడండి. "బిల్లు లేకపోతే ఐదొందలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోవద్దు. వారంటీ అడగాలంటే ఆ బిల్లే ఆధారం.
2. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద ఇన్‌పుట్ వోల్టేజీ చదవండి. కొన్నిటి మీద 200–240 అని, కొన్నిటి మీద 100–240 అని ఉంటుంది. వేసవిలో వోల్టేజీ పడిపోయే వీధిలో ఉంటే రెండోదే తీసుకోండి. వాట్ల కంటే ముందు నేను చూసింది ఇదే.
3. ర్యామ్ ఒకే 16 జీబీ కాకుండా 8, 8 జతగా తీసుకోండి.
4. క్యాబినెట్‌లో ప్రాసెసర్ కూలర్‌కి ఎంత ఎత్తు పడుతుందో రాసి ఉంటుంది, నోట్ చేసుకోండి. నాది 160 మిల్లీమీటర్లు. తర్వాత అవసరమైంది.

లెక్క:

ప్రాసెసర్ 10,900
బోర్డు 6,300
ర్యామ్ 3,400
1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 5,400
గ్రాఫిక్స్ కార్డు 20,400
ఎస్‌ఎంపీఎస్, 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ 4,300
క్యాబినెట్, వెనక ఒక ఫ్యానుతో 3,600
24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్ 10,200
కీబోర్డు, మౌస్ 1,900

ఇప్పటిదాకా: రూ. 66,400 (విండోస్ లైసెన్స్ ఇందులో కలపలేదు)

దశ 2: డబ్బాలు విప్పే ముందు ప్లగ్ పాయింటు

గదిలో పాత మిక్సీనో ఐరన్ బాక్సో ముట్టుకుంటే సన్నగా జివ్వుమనడం మా ఇంట్లో అందరికీ అలవాటే. అరవై వేల సామాను తగిలించే ముందు అదేంటో తేల్చుకోవాలని 450 రూపాయలకి ఒక మల్టీమీటర్ కొన్నాను.

కొలిచే పద్ధతి:

1. మీటర్‌ని ఏసీ వోల్టులకి, అన్నిటికన్నా పెద్ద రేంజికి తిప్పండి.
2. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య కొలవండి. 230కి దగ్గరగా రావాలి.
3. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. పై అంకెకి దగ్గరగానే రావాలి.
4. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. ఒకటి రెండు వోల్టులు రావాలి.

మీటర్ పిన్నుల లోహం వేళ్లకి తగలకూడదు. చెప్పులు వేసుకోండి. భయంగా ఉంటే ఈ పని కూడా ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

పడమటి గదిలో వచ్చినవి: 228, 61, 43. అంటే ఎర్త్ పిన్నుకి వైరైతే ఉంది గానీ ఆ వైరు ఎక్కడా భూమిలోకి దిగలేదు. దేనికీ తగలని వైరు మీద మీటర్ ఇలాంటి పొంతనలేని అంకెలే చూపిస్తుంది. వంటింట్లో ఫ్రిజ్ పాయింటు దగ్గర 228, 228, 0.0 వచ్చాయి. చూడ్డానికి అద్భుతమైన ఎర్త్. అక్కడి నుంచి పైకి ఒక పచ్చ వైరు లాగితే సరిపోతుందనిపించింది. అయితే మంచి ఎర్త్ ఉన్న చోట కూడా, ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంతో కొంత కనపడాలి. కచ్చితంగా సున్నా రావడం నాకు అనుమానం కలిగించింది.

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి స్విచ్ బోర్డు విప్పి చూపించాడు. "ఇది ఎర్త్ కాదు నాయనా. న్యూట్రల్‌నే తిప్పి ఎర్త్ పిన్నుకి కట్టుండారు. బయట న్యూట్రల్ తెగిన రోజు ఫ్రిజ్ బాడీ అంతా కరెంటే."

ఇది చదువుతున్నవాళ్లు ఇంకేమీ చేయకపోయినా మీ ఇంట్లో ఈ ఒక్కటి చూపించుకోండి. కంప్యూటర్ కొనకపోయినా సరే.

ఎర్త్ లేకపోతే కంప్యూటర్ విషయంలో జరిగేది ఇది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు నుంచి రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి లోహపు బాడీకి కలిసి ఉంటాయి. బాడీ భూమికి కలవకపోతే ఆ రెండిటి మధ్యలో నిలబడి దాదాపు సగం వోల్టేజీ పట్టుకుంటుంది. ఎస్‌ఎంపీఎస్‌ని ఒంటరిగా ఆ గది ప్లగ్గుకి పెట్టి, బాడీకీ తడి నేలకీ మధ్య కొలిస్తే 104 వోల్టులు వచ్చింది. అందులో పారగల కరెంటు చాలా తక్కువ, అందుకే జివ్వుమని వదిలేస్తుంది. అదే ఎస్‌ఎంపీఎస్ లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ బాడీ ప్రాణం తీస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చే క్షణంలో ఆ వోల్టేజీ పోర్టులోంచి పోయి కార్డునో టీవీనో పాడుచేసే ప్రమాదం కూడా ఉంది.

చేయించిన పని: పెరట్లో ఎర్త్ గుంత. కొండకి దగ్గర కాబట్టి కొద్ది లోతులోనే రాయి తగిలింది, చోటు మార్చి మళ్లీ తవ్వాల్సి వచ్చింది. జీఐ పైపు దించి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, గుంతలోంచి పచ్చ వైరును మేడ మీదికి లాగారు. వంటింట్లో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపిన వైరు తీసేసి అక్కడికీ అదే ఎర్త్ ఇచ్చారు.

ఎర్త్ ఎంత బలంగా ఉందో తెలుసుకోవడానికి ఎలక్ట్రీషియన్ అన్న 100 వాట్ల పాత బల్బును ఫేజుకీ కొత్త ఎర్త్‌కీ మధ్య వెలిగించాడు. బల్బు బాగానే వెలిగింది. అప్పుడు న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 9 వోల్టులు. బల్బు లాగే కరెంటు 0.43 ఆంపియర్లు కాబట్టి, 9ని 0.43తో భాగిస్తే నిరోధం సుమారు 21 ఓమ్‌లు. ఎక్కువే. గుంతలో కొన్నాళ్లు నీళ్లు పోస్తూ వచ్చి మళ్లీ కొలిస్తే 4 వోల్టులకి, అంటే 9 ఓమ్‌ల దగ్గరికి దిగింది.

ఇంత రాతి నేలలో ఇంకా తగ్గాలంటే రెండో గుంత కావాలి. దాని బదులు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్) పెట్టించాను. 9 ఓమ్‌ల మీద మామూలు ఎంసీబీ (ఫ్యూజు బదులు వాడే స్విచ్) వెంటనే పడుతుందన్న నమ్మకం లేదు. ఆర్‌సీసీబీకి మాత్రం కొద్దిపాటి లీకేజీ చాలు. బల్బు పరీక్ష ఇది పెట్టకముందే చేయాలి, పెట్టాక బల్బు తగిలించగానే ట్రిప్ అవుతుంది.

పని అయ్యాక పడమటి గదిలో: 229, 228, 1.1. ఎస్‌ఎంపీఎస్ బాడీ మీద 0.6.

మల్టీమీటర్ 450, ఎర్త్ పని కూలితో కలిపి 4,200, ఆర్‌సీసీబీ 1,900.

ఇప్పటిదాకా: రూ. 72,950

దశ 3: బిగింపు, బొమ్మ రాకపోవడం

క్యాబినెట్‌లో పెట్టకముందే బోర్డును దాని అట్టడబ్బా మీద ఉంచి నడిపి చూడటం మంచిది. తేడా వస్తే విప్పాల్సింది తక్కువ. కావలసిన పనిముట్టు అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒక్కటే.

1. ప్రాసెసర్ మూల మీద బంగారు రంగు త్రికోణం, సాకెట్ మీది త్రికోణం ఒకే మూలకి రావాలి. దాని బరువుతో అదే కూర్చోవాలి, నొక్కకూడదు.
2. దీంతో వచ్చే కూలర్ స్క్రూలతో బిగిస్తుంది. కాబట్టి బోర్డు మీది రెండు ప్లాస్టిక్ క్లిప్పులు ముందు తీసేయాలి. వాటి స్క్రూలు విప్పగానే బోర్డు వెనక ఉన్న లోహపు పలక ఊడి కింద పడుతుంది. ఒక చేత్తో పట్టుకోండి.
3. కూలర్ స్క్రూలు ఐమూలగా, ఒక్కోటి రెండేసి చుట్లు తిప్పుతూ రండి. పేస్టు కూలర్‌కి ముందే రాసి ఉంటుంది.
4. ర్యామ్ ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో.
5. 24 పిన్, పైమూలన ప్రాసెసర్ కోసం 8 పిన్, కార్డుకి వేరే 8 పిన్. చివరి రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వైరు మీద పేరు చదివి పెట్టండి.
6. మానిటర్ కేబుల్ కార్డుకి. ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేవు, బోర్డు వెనక పోర్టుకి పెడితే ఏమీ రాదు.

ఆన్ చేస్తే ఫ్యాన్లన్నీ తిరిగాయి, మానిటర్ మీద సిగ్నల్ లేదు. బోర్డు మీద నాలుగు చిన్న లైట్లుంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. అందులో సీపీయూ లైటు ఆరకుండా వెలుగుతూ ఉండిపోయింది. ర్యామ్ ఒక్కటే ఉంచి చూసినా, కార్డు తీసి పెట్టినా, ప్రాసెసర్ కింది పిన్నులు భూతద్దంతో చూసినా తేడా లేదు.

కారణం బోర్డు వయసు. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5000 వరస ప్రాసెసర్లు 2020 చివర్లో మొదలయ్యాయి, ఈ 5600 వచ్చింది 2022లో. షాపులో పాత స్టాకు ఉంటే దాని బయోస్‌కి (బోర్డులోనే ఉండి మెషీన్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. డబ్బా మీద "రైజెన్ 5000 రెడీ" అన్న స్టిక్కర్ ఉందో లేదో చూసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. షాపులో పాత ప్రాసెసర్ పెట్టి బయోస్ మార్చి ఇస్తామన్నారు, దానికి విడిగా డబ్బు అడిగారు. నా బోర్డు వెనక బయోస్ ఫ్లాష్ బటన్ ఉంది కాబట్టి ఇంట్లోనే చేశాను:

1. పెన్ డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి. నా దగ్గరున్న 64 జీబీ డ్రైవ్‌కి విండోస్ మామూలు ఫార్మాట్‌లో ఆ ఎంపిక రాలేదు (32 జీబీ దాటితే చూపించదు). 350 పెట్టి 16 జీబీది కొన్నాను.
2. బోర్డు తయారీదారు సైట్ నుంచి సరిగ్గా అదే మోడల్ బయోస్ దించి, మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టాలి.
3. 24 పిన్, ప్రాసెసర్ 8 పిన్ మాత్రమే తగిలించి, ఆ బటన్ పక్కన గుర్తున్న యూఎస్‌బీ పోర్టులోనే డ్రైవ్ పెట్టి బటన్ నొక్కాలి.
4. లైటు మెరవడం ఆగేదాకా ముట్టుకోకూడదు. ఐదారు నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు, అందుకని ఇంటి ఇన్వర్టర్ లైను మీద పెట్టి, పొద్దున్నే చేశాను.

ఆ తర్వాత సీపీయూ లైటు ఆరి బొమ్మ వచ్చింది.

ఇప్పటిదాకా: రూ. 73,300

దశ 4: సెట్టింగులు (చిన్న దశ)

ర్యామ్ 3200ది అయినా పెట్టగానే 2666 మీద నడుస్తుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని అసలు వేగానికి తెచ్చే సెట్టింగు) ఆన్ చేయాలి. వాలరెంట్‌లో ఫ్రేముల సగటు 262 నుంచి 291కి, ఆట బాగా నెమ్మదించే ఒక శాతం క్షణాల్లో ఫ్రేములు 138 నుంచి 171కి పెరిగాయి. పైసా ఖర్చు లేదు. రెండో అంకె ముఖ్యం, ఆటలో కుదుపు తెలిసేది దాన్నిబట్టే.

మానిటర్ కూడా మొదట 60 హెర్ట్జ్ మీదే ఉంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి 144 ఎంచుకోవాలి.

విండోస్ 11 మీద వాలరెంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ కావాలి. లేకపోతే వ్యాన్ 9001 అన్న ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. బయోస్‌లో ఎఫ్‌టీపీఎం ఆన్, సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ అవనిచ్చేది) ఆఫ్, సెక్యూర్ బూట్ ఆన్. ఇవి విండోస్ ఎక్కించకముందే చేయండి. సీఎస్ఎం ఆన్‌లో ఉండగా విండోస్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎక్కి ఉంటే, తర్వాత సీఎస్ఎం ఆఫ్ చేయగానే బూట్ అవడం మానేస్తుంది.

దశ 5: వేడి

అసలు పని ఇక్కడ మొదలైంది. ఈ కార్డు 65 డిగ్రీల దగ్గర హాయిగా నడుస్తుందని చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. అవి తీసిన గదులు 22, 25 డిగ్రీలవి. మే నెలలో రాత్రి తొమ్మిదికి మా గది 36. పగలంతా ఎండకి కాగిన స్లాబు ఆ వేళకి లోపలికి వేడి వదులుతూ ఉంటుంది. కాబట్టి అంకెని అంకెతో పోల్చకూడదు, గది వేడిని తీసేసి మిగిలిన తేడానే పోల్చాలి. 36 డిగ్రీల గదిలో 72 అంటే తేడా 36. 24 డిగ్రీల గదిలో 65 అంటే తేడా 41. మొదటిదే మెరుగ్గా చల్లబడుతున్న మెషీన్.

కొలిచిన పద్ధతి: సైబర్‌పంక్ 2077లో ఉన్న బెంచ్‌మార్కును అరగంట పాటు మళ్లీ మళ్లీ నడపడం. 250 రూపాయల థర్మామీటర్ క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే ఎత్తులో. ప్లగ్గు దగ్గర 900 రూపాయల వాట్‌మీటర్. ఒకసారికి ఒక్క మార్పే.

కొలత 1. కొన్నది కొన్నట్టు (ముందు అద్దం, వెనక ఒక ఫ్యాను). గది 36.2. ప్రాసెసర్ 86, కార్డు 81, కార్డు హాట్‌స్పాట్ (దాని చిప్పులో అన్నిటికన్నా వేడి చోటు) 95. ఈ ప్రాసెసర్ గరిష్ఠ హద్దు 90. ఎండ ఇంకొంచెం ముదిరితే అది వేగం తగ్గించుకోక తప్పదు.

కొలత 2. ముందు అద్దం తీసేసి. గది 36.0. ప్రాసెసర్ 80, కార్డు 72, హాట్‌స్పాట్ 86. ఒక్క పలక తీస్తే కార్డు 9 డిగ్రీలు దిగింది. అద్దం వెనక గాలికి దారి లేదు, పక్కల ఉన్న సన్నటి సందులే దిక్కు. క్యాబినెట్ కొనేవాళ్లు ముందు భాగం జాలీ ఉన్నదే తీసుకోండి, లైట్లు ఎన్ని రంగుల్లో వెలిగినా సరే.

కొలత 3. అద్దం బదులు జాలీ, ముందు రెండు ఫ్యాన్లు. అద్దం లేకుండా వదిలేస్తే దుమ్ము. కిటికీలకి వేసే అల్యూమినియం దోమల జాలీ 120 రూపాయలకి తెచ్చి, ముందు ఫ్రేముకి సరిపోయేలా కత్తిరించి, చుట్టూ డబుల్ సైడ్ టేపుతో అతికించాను. జాలీ వెనక రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, 1,100. గది 36.4. ప్రాసెసర్ 79, కార్డు 71, హాట్‌స్పాట్ 85. జాలీ గాలిని కొంత ఆపుతుంది, ఆ లోటును ఫ్యాన్లు తీర్చాయి.

కొలత 4. టవర్ కూలర్. ప్రాసెసర్ ఇంకా ఎక్కువే. 1,950 పెట్టి 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ కొన్నాను. ఎత్తు 155, క్యాబినెట్‌లో 160 దాకా పడుతుంది. గది 36.1. ప్రాసెసర్ 68, కార్డు 70. శబ్దం కూడా బాగా తగ్గింది. పాత చిన్న కూలర్ తలుపు వేసుకున్నా అమ్మకి వినపడేది.

కొలత 5. ఫ్రేముల హద్దు, కార్డు వోల్టేజీ తగ్గింపు. ఇందులో ఖర్చు లేదు. ఈ ఆటలో సగటు 68 ఫ్రేములు వస్తుంటే 60కి హద్దు పెట్టాను. కార్డు సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజీ 1150 నుంచి 1080 మిల్లీవోల్టులకి దించాను. 1050 దగ్గర ఆట మధ్యలో డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పడిపోయింది, 1080 దగ్గర నిలకడగా ఉంది. ప్రతి కార్డుకీ ఇది మారుతుంది, పది పది చొప్పున దిగండి. గది 35.8. ప్రాసెసర్ 63, కార్డు 63, హాట్‌స్పాట్ 74. ప్లగ్గు దగ్గర 224 వాట్ల నుంచి 178కి దిగింది. వాలరెంట్‌కి హద్దు 141. మానిటర్ 144 చూపించగలిగినప్పుడు 290 ఫ్రేములు గీయించడం ఆ గదిని వేడి చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

పని చేయనివి:

పైన మూడో ఫ్యాను బయటికి ఊదేలా పెడితే ఒక డిగ్రీ కూడా తేడా లేదు, తీసేశాను. కంప్యూటర్ టేబుల్‌లో సీపీయూ కోసం ఇచ్చే చెక్క అర చాలా చెడ్డది. వేడిగాలి అందులోనే తిరుగుతుంది, కార్డు 6 డిగ్రీలు పెరిగింది. క్యాబినెట్‌ని బయటికి తెచ్చి, గోడకి జానెడు ఎడంగా, నేలకి కొంచెం ఎత్తులో పెట్టాను.

ఎయిర్ కూలర్ గురించి తప్పకుండా చెప్పాలి, మన వైపు చాలా ఇళ్లలో ఉండేది అదే. గదిని 36 నుంచి 32కి దించింది, కార్డూ అంతే దిగింది. కానీ అది చల్లబరిచేది తేమతో. క్యాబినెట్ మీదికి నేరుగా తిప్పి ఉంచితే వెనక స్క్రూల మీద తుప్పు చుక్కలు కనపడ్డాయి, జాలీ మీద దుమ్ము బురదలా అంటుకుంది. ఇప్పుడు కూలర్‌ని కిటికీ దగ్గర, మనుషుల వైపు తిప్పి, ఎదుటి తలుపు తీసి వాడుతున్నాం.

థర్మామీటర్ 250, వాట్‌మీటర్ 900, ఫ్యాన్లు 1,100, జాలీ 120, టవర్ కూలర్ 1,950.

ఇప్పటిదాకా: రూ. 77,620

దశ 6: కరెంటు కోతలు, వోల్టేజీ

మే నెలలో వీధిలో ఏసీలన్నీ నడిచే వేళకి ప్లగ్గు దగ్గర 188, 192 చూపించేది. 100–240 ఎస్‌ఎంపీఎస్ కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కరెంటు పోయినప్పుడు. ఇంటి ఇన్వర్టర్ మీదికి మారే లోపల మెషీన్ ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. ఫ్యానుకీ లైటుకీ ఆ చిన్న ఖాళీ తెలియదు. ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న కరెంటుతో నిలబడగలిగేది సెకనులో అరవయ్యో వంతు దాకానే.

ఇన్వర్టర్ వెనక ఒక స్విచ్ ఉంటుంది: నార్మల్, యూపీఎస్. యూపీఎస్ వైపు తిప్పితే వేగంగా మారుతుంది. మెషీన్ ఆగడం మానేసింది. కానీ ఆ మోడ్‌లో వోల్టేజీ 180 దగ్గరికి రాగానే కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. సాయంత్రమంతా అలా వెళ్లి వస్తూ బ్యాటరీ ఖాళీ అయ్యేది, అసలు కోత వచ్చేసరికి ఇంట్లో ఫ్యాను కూడా తిరిగేది కాదు. మా నాన్న పడుకునే వేళకి ఫ్యాను ఆగిపోవడం నాకు ఇష్టంలేదు. ఇన్వర్టర్‌ని మళ్లీ నార్మల్‌కి తిప్పేసి, కంప్యూటర్‌కి విడిగా యూపీఎస్ తీసుకున్నాను.

ఎంత పెద్దది కావాలో వాట్‌మీటర్ చెప్పింది. హద్దులు తీసేసి నడిపినా మెషీన్ గరిష్ఠంగా 232 వాట్లు, మానిటర్ 24. మొత్తం 256. మామూలుగా షాపులో ఇచ్చే 600 వీఏ యూపీఎస్ 360 వాట్లది, కొత్తలో సరిపోతుంది. బ్యాటరీ రెండేళ్లు వాడాక అదే బరువు మోస్తుందన్న భరోసా లేదు. 1000 వీఏ, 600 వాట్లది, లోపల వోల్టేజీ సరిచేసే ఏవీఆర్ ఉన్నది తీసుకున్నాను, 5,800. కొనేముందు షాపులోనే మీ ఎస్‌ఎంపీఎస్ మోడల్ చెప్పండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు చౌక యూపీఎస్‌లు ఇచ్చే మెట్లమెట్ల కరెంటుని ఒప్పుకోవు.

ఇంటికి తెచ్చాక పరీక్ష: ఆట నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్ పీకాను. ఆగలేదు. బ్యాటరీ మీద 9 నిమిషాలు నడిచింది. ఆట సేవ్ చేసి సిస్టమ్ సరిగ్గా ఆపుకోవడానికి అది చాలు.

ఇప్పటిదాకా: రూ. 83,420

షాపు బిల్లుకీ దీనికీ మధ్య రూ. 17,020 తేడా. ఇందులో ఎర్త్, ఆర్‌సీసీబీ ఇంటికంతటికీ పనికొచ్చేవి. జాలీ ముందున్న క్యాబినెట్, స్టిక్కర్ ఉన్న బోర్డు కొంటే కొంత మిగులుతుంది. యూపీఎస్ డబ్బు మాత్రం మొదటి రోజు లెక్కలోనే రాసుకోండి.

దశ 7: అక్టోబర్, నవంబర్

దుమ్ము లెక్క: జాలీ శుభ్రం చేయకుండా ఆరు వారాలు వదిలేస్తే గదికీ కార్డుకీ తేడా 27 నుంచి 32కి పెరిగింది. పెయింటు బ్రష్‌తో జాలీ దులిపితే 28కి వచ్చింది. లోపల ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి విచ్చలవిడిగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

నవంబర్ వానల్లో ఒక సాయంత్రం దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. కరెంటు వైపు ఏమీ కాలేదు, ఆర్‌సీసీబీ పడింది, అంతే. దెబ్బ ఇంటర్నెట్ కేబుల్ నుంచి వచ్చింది. ఫైబర్ బాక్సు కింద హాల్లో ఉంది, అక్కడి నుంచి రాగి లాన్ కేబుల్ బయటి గోడ మీదుగా మేడ మీదికి వచ్చేది. బాక్సులో ఒక పోర్టూ, నా బోర్డు మీది లాన్ పోర్టూ రెండూ పోయాయి. పిడుగు నష్టం వారంటీలోకి రాదన్నారు. బయోస్‌లో ఆ పోర్టు ఆఫ్ చేసి, 750కి యూఎస్‌బీ లాన్ అడాప్టర్ పెట్టుకున్నాను. ఎర్త్, ఆర్‌సీసీబీ, యూపీఎస్ ఇన్ని పెట్టినా ఈ దారి ఒకటి తెరిచే ఉంది.

బయటి రాగి కేబుల్ పూర్తిగా తీసేశాం. ఫైబర్‌నే మేడ మీదికి పొడిగించి బాక్సును పడమటి గదిలో పెట్టించాను, అది గాజు తీగ కాబట్టి కరెంటు మోయదు. ఇప్పుడు బాక్సు నుంచి కంప్యూటర్‌కి లాన్ కేబుల్ పొడవు ఒకటిన్నర మీటర్లు, అంతా గది లోపలే. బాక్సుకి కరెంటు కూడా అదే యూపీఎస్ నుంచి.

ఇప్పటిదాకా: రూ. 84,170